యాత్రాభీతి – ధ్రువబేరము

శ్రీగురుభ్యో నమః.



ముప్పది సంవత్సరములకు పైగా ఒక గ్రామ విష్ణ్వాలయములో వైఖానసాగమోక్తముగా స్వామి కైంకర్యము చేసికొనుచున్న అర్చకుడను నేను. కాశీయాత్రకు బయలుదేరువారు వచ్చి అడిగినప్పుడు పంచాంగము చూచి, ప్రయాణదినము నిర్ణయించి, "స్వామి మీ వెంట ఉంటాడు, నిర్భయంగా వెళ్ళిరండి" అని ఆశీర్వదించి పంపుట నాకు అలవాటు. అట్లు ఎందరిని పంపినానో నాకే లెక్క తెలియదు. కాని అదే కాలములో తొమ్మిది సంవత్సరముల పాటు నేను మాత్రము దూరప్రయాణమునకు రైలు ఎక్కలేకపోయినాను. కారణము కేవలము భయము. ఈ సంగతి నా సహధర్మచారిణికి తప్ప మరెవ్వరికిని తెలియదు. తన భయమును దాచుకొన్నవాడు లోకమునకు ధైర్యము పంచిపెట్టుట ఎంత విపరీతమో తలచుకొన్నప్పుడు నేటికిని సిగ్గు కలుగును. ఆ సిగ్గును ప్రక్కన పెట్టి ఈ మాటలు వ్రాయుచున్నాను; నావలెనే మౌనముగా బాధపడువారు మీలో కొందరైనను ఉందురని నా నమ్మకము.

2013లో మా తండ్రిగారు పరమపదించినారు. నాకు సంత చెప్పి వేదము నేర్పినవారు, ఆలయములో తమ ప్రక్కన నిలుపుకొని అర్చన నేర్పినవారు ఆయనయే. సంవత్సరీకములు ముగిసిన పిమ్మట గయలో పిండప్రదానము చేయుట పుత్రునిగా నా విధి. 2014లో ఒక్కడనే బయలుదేరినాను. తాడేపల్లిగూడెములో బండి ఎక్కి విజయవాడ చేరి, అక్కడ రాత్రివేళ ఉత్తరాదికి పోవు బండి పట్టుకొన్నాను. వరంగల్లు దాటిన తరువాత ఎక్కడనో చీకటిలో బండి ఆగిపోయినది. కిటికీ బయట ఒక్క దీపమైనను లేదు. అందరును నిద్రించుచున్నారు. నా గుండె అకస్మాత్తుగా వేగముగా కొట్టుకొనసాగినది. నోరు ఎండిపోయినది. అరచేతులు చల్లబడినవి. శ్వాస లోపలికి పోవుచున్నను చాలుట లేదనిపించినది. ఇచ్చట ప్రాణము పోయినచో ఊరికి కబురు ఎవరు చెప్పుదురు, తెల్లవారి ఆలయము తలుపులు ఎవరు తీయుదురు, అమ్మ ఏమగును? ఒక ప్రశ్నకు సమాధానము దొరకకముందే మరియొక ప్రశ్న పైబడుచుండెను. చిన్ననాటి నుండి కంఠస్థమైన మంత్రములలో ఒక్కటియు ఆ క్షణమున నోటికి రాలేదు. అదియే నన్ను అన్నిటికంటె అధికముగా కలచివేసినది.

బండి కొంతసేపటికి కదలినది. నేను మాత్రము తెల్లవారిన పిదప బల్హార్షాలో దిగిపోయినాను. అక్కడ నుండి వెనుకకు వచ్చు బండి ఎక్కి ఇల్లు చేరినాను. ఊరిలో అడిగినవారితో, "స్వామి కైంకర్యానికి లోపం వస్తుందేమోనని మనసు ఒప్పలేదు" అని చెప్పినాను. అది అసత్యము. అయితే విన్నవారు దానిని భక్తిగా భావించినారు. "అయ్యవారు స్వామిని విడిచి ఒక్కపూట ఉండలేరు" అని పదిమందిలో ప్రశంసించినారు. నా భీతికి లోకము భక్తి అని పేరు పెట్టినది. నేను ఆ పేరును కాదనక స్వీకరించినాను. గయకు పోలేకపోవుట కంటె ఇది గొప్ప దోషమని నేడు భావించుచున్నాను.

కొన్ని దినముల తరువాత ఏలూరులో ఒక వైద్యుని దర్శించినాను. హృదయపరీక్షలు చేయించి, గుండె దృఢముగానే ఉన్నదని, ఇది ఆందోళన వలన కలుగు దేహస్థితియని, దీనికి చికిత్స కలదని ఆయన చెప్పినారు. నిజమునకు నేను సంతోషింపవలెను. కాని నాకు కోపము వచ్చినది. వేదము చదివినవానికి, నిత్యము స్వామిని స్పృశించువానికి మనోవ్యాధి యేమిటి అని అహంకరించి, ఆయన వ్రాసిన చీటీని పంచాంగములో పెట్టి మరచిపోయినట్లు నటించినాను.

అటుపిమ్మట ప్రతి సంవత్సరము ఒక్కొక్క కారణము దొరకినది. ఒకసారి ధనుర్మాసము, ఒకసారి కల్యాణోత్సవము, ఒకసారి జ్ఞాతాశౌచము. ఏదియు లేనప్పుడు ఆచారము ఉండనే ఉన్నది: రైలులో మడి ఎట్లు, సంధ్య ఎట్లు, ఆహారనియమము ఎట్లు? ఇవి సత్యమైన ప్రశ్నలే. కాని ఆచారమును పాటించువాడు దానికి మార్గము వెదకును. భయపడువాడు దాని వెనుక దాగికొనును. నేను దాగికొన్నాను. మా అమ్మగారు మాత్రము ఏటేట నాన్నగారి ఆబ్దికమునాడు, బ్రాహ్మణ భోజనములు ముగిసి విస్తళ్ళు తీసిన తరువాత, ఒక్కటే మాట అడుగుచుండెడివారు: "నాయనా, మీ నాన్నకి గయలో ఎప్పుడు పెడతావు?" రెండవసారి అడిగెడివారు కారు. ఆమెకు ఎనుబది సంవత్సరములు నిండిన ఏడు మాత్రము, "నేనుండగా పెడితే బాగుండును" అన్నారు.

ఆ మాట తరువాత భయమును తప్పించుకొనుట మాని, దానిని గూర్చి ఆలోచించుట ఆరంభించినాను.

ప్రయాణభయము క్రొత్తది కాదు. కాశీకి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలు అనుకొన్న కాలము కలదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసు నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరినారు. పదునైదు మాసములకు మించిన ఆ ప్రయాణమును వారు తెలుగులో గ్రంథస్థము చేసినారు. అంత పెద్ద పరివారముతో పోయినవారికిని త్రోవలో నీరు, నిప్పు, వసతి, వ్యాధి, దొంగలు నిత్యచింతలే. నేడు అదే దూరము రెండు రాత్రులలో ముగియుచున్నది. దూరము తగ్గినది గాని, తనకు తెలిసినదంతయు వెనుక విడిచి తెలియని దానిలోనికి పోవునప్పుడు మనస్సు పడు కంపము తగ్గలేదు. అందువలననే మన పూర్వులు ప్రయాణమునకు ముందు దినశుద్ధి చూచుట, ఇష్టదేవతకు నారికేళము సమర్పించుట, తిరిగివచ్చిన పిమ్మట కాశీ సమారాధన చేయుట మొదలగు విధులను ఏర్పరచినారు. భయము లేనివారికి ఇన్ని విధులు ఎందులకు? భయము కలుగునని వారికి తెలుసు. కలిగిన భయమును తిట్టక, దాని చుట్టును ఒక క్రమమును అల్లినారు.

భయపడుట అధర్మమని కూడ నేను భ్రమపడినాను. గీత ప్రథమాధ్యాయములో అర్జునుని స్థితిని స్మరింపుడు. అవయవములు పట్టుతప్పుట, నోరు ఎండుట, దేహము వణకుట, చర్మము మండుట, చేతిలోని గాండీవము జారుట, మనస్సు తిరుగుట, ఇవన్నియు అక్కడ వర్ణింపబడినవి. ఆ రాత్రి రైలులో నా దేహము చెప్పినది ఇంచుమించు ఆ కథయే. అర్జునుడు పిరికివాడు కాడు. అతని విషాదమును కూడ మన పరంపర యోగమనియే పిలిచినది. ఏలయన అతడు తన వణకును దాచలేదు; ఎదుటనున్న సారథికి చెప్పుకొన్నాడు. చెప్పుకొన్నందువలననే ఉపదేశము లభించినది. నేను తొమ్మిదేండ్లు ఎవరికిని చెప్పుకొనలేదు.

మార్గము చూపినది మాత్రము గ్రంథపఠనము కాదు, నా నిత్యవృత్తియే. ఒకనాడు ఉత్సవమునకు ముందు మా అబ్బాయికి ఆవాహనక్రమము నేర్పుచున్నాను. వైఖానసమున పంచబేరములు కలవు: ధ్రువము, కౌతుకము, స్నపనము, ఉత్సవము, బలి. గర్భాలయములో స్థిరముగా ప్రతిష్ఠింపబడినది ధ్రువబేరము. అది కదలదు. వీధులలో ఊరేగునది ఉత్సవబేరము. ధ్రువబేరము నుండియే తక్కిన బేరములకు శక్తిని ఆవాహన చేయుదుము. మావాడు అడిగినాడు: "నాన్నగారూ, స్వామి ఊరేగింపుకి వెళ్ళినప్పుడు లోపల శక్తి తగ్గదా?" "తగ్గదు నాయనా. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటిది తగ్గుతుందా? బయట వాహనం ఊగుతుంది, గొడుగు ఊగుతుంది, మోసేవాళ్ళ అడుగు తడబడుతుంది. లోపల స్వామి అట్లాగే ఉంటాడు. ఆ కదలనివాడే ఈ కదిలేవాడు" అని చెప్పినాను.

చెప్పుచుండగానే నా మాట నాకే తగిలినది. ఎన్ని ఉత్సవములలో నేను ఉత్సవమూర్తిని వాహనముపై త్రాళ్ళతో బంధించి, ప్రతి మలుపులోను చేయి ఆనించి నడచినాను! మూర్తి కదలునని తెలిసియే కదా గట్టిగా కట్టుదుము? కదలుట దోషమని ఏ ఆగమమును చెప్పలేదు. కదలుటయే ఉత్సవము. దేహము, ప్రాణము, మనస్సు ఉత్సవబేరము వంటివి. ప్రయాణమున ఊగుట వాటి స్వభావము. వాటి ఊగులాటను చూచుచున్న సాక్షి ధ్రువబేరము. ఆ రాత్రి గుండె వేగముగా కొట్టుకొనుచున్నదని తెలిసికొన్నది ఎవరు? తెలిసికొన్నది కూడ వణకినచో, వణకు తెలియుట యెట్లు? ఊగుచున్న మూర్తిని ఆపవలెనని నేను ప్రయత్నించినాను. చేయవలసినది బంధనమును సరిచూచుకొని, లోపలనున్న స్థిరవస్తువును స్మరించుటయే.

తత్త్వము బోధపడినంత మాత్రమున గుండెదడ మానదు. కావున సాధన మొదలుపెట్టినాను. మొట్టమొదట పంచాంగములోని పాత చీటీతో మరల అదే వైద్యుని వద్దకు వెళ్ళినాను. ఆయన చిరునవ్వుతో కొన్ని మాసములకు ఔషధము వ్రాసినారు. దేహము స్వామి ఆలయమని నమ్మువారము. ఆలయగోపురము పగిలినప్పుడు శిల్పిని పిలుచుటకు సిగ్గుపడము, దేహవిషయమున వైద్యుని పిలుచుటకు సిగ్గుపడనేల? రెండవది, శ్వాస. భయము కలిగినప్పుడు కుంభకము పట్టబోయి నేను ఆయాసమును పెంచుకొనుచుంటినని తెలిసినది. పూరకమును సహజముగా విడిచిపెట్టి, రేచకమును మాత్రము నెమ్మదిగా, దీర్ఘముగా సాగనిచ్చుట నేర్చుకొన్నాను. వైద్యుడును అదియే చెప్పినారు. దీనిని భయము లేని దినములలో, ఇంటి అరుగుమీద, ప్రతి సాయంకాలము అభ్యసించినాను. ఉత్సవమునాడు త్రాడు వెదకువాడు అర్చకుడు కాడు, ముందే సిద్ధపరచుకొనవలెను.

మూడవది, వేదపాఠము నుండి నేర్చినది. క్రమపాఠములో మొదటి పదమును రెండవదానితో, రెండవదానిని మూడవదానితో కలిపి చదువుచు పోవుదుము. ఎంత దీర్ఘమైన అనువాకమైనను, నోటిలో ఉండునవి రెండే పదములు. భయము ఈ క్రమమును పాటింపదు. మొదటి పదము నుండి ఒక్క గంతులో కడపటి పదమునకు దూకును: బండి ఆగినది, కావున నేను మరణింతును! నడుమనున్న పదములన్నిటిని మ్రింగివేయును. కావున నేను నా మనస్సునకు క్రమము చెప్పసాగినాను. బండి ఆగినది, ఆగిన బండికి సంకేతదీపము కొరకు నిరీక్షణ. నిరీక్షణ తరువాత కదలిక. అంతే. తరువాతి పదము వచ్చినప్పుడు తరువాతి పదము.

శుభకృత్ నామ సంవత్సర మాఘ మాసమున, అనగా 2023 ఫిబ్రవరిలో, మా గ్రామస్థులు పదునొకండుగురు కాశీ గయలకు బయలుదేరినారు. నేనును, నా సహధర్మచారిణియు వారితో చేరినాము. ఆలయభారము మా అబ్బాయి స్వీకరించినాడు. బయలుదేరు ముందు బృందములో పెద్దవారైన ఒకరిని ప్రక్కకు పిలిచి, "బాబాయిగారూ, నాకు రైల్లో భయం వస్తుంది. వస్తే చెబుతాను, ప్రక్కన కూర్చోండి చాలు" అన్నాను. ఆయన ఆశ్చర్యపడలేదు. "మా ఇంట్లో ఆవిడకీ అంతేనయ్యా" అన్నారు. తొమ్మిది సంవత్సరములు మోసిన బరువు అంత చిన్న మాటతో సగము దిగినది. పులిహోర, దద్ధ్యోజనము, అటుకులు, అరటిపండ్లు, మంచినీరు సర్దుకొన్నాము. ఆచారమునకు మార్గము వెదకినవానికి మార్గము దొరకినది.

ఇక ఈ యాత్రలో నాకు పరమోపకారము చేసినది సంకల్పము. దానిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. మన ప్రతి కర్మారంభమున దేశకాలసంకీర్తనము చేయుదుము. ఏ ద్వీపము, ఏ వర్షము, మేరువునకు ఏ దిక్కు, శ్రీశైలమునకు ఏ మూల, ఏ నదుల మధ్య, ఏ గృహము. ఏ కల్పము మొదలు ఏ సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము. దినమునకు ఎన్నిసార్లు ఎందరి చేత చెప్పించినానో! పరుగుగా చెప్పి ముగించు అలవాటు కూడ నాకు కలదు. కాని భయపడిన మనస్సు ఎక్కడ ఉండును? లేని దేశములో, రాని కాలములో. "రేపు ఏమగునో, అక్కడ ఏమగునో" అని తిరుగుచుండును. అట్టి మనస్సును చేయిపట్టి, "ఇదిగో ఈ దేశము, ఇదిగో ఈ కాలము, ఇక్కడ ఉన్నావు" అని కూర్చుండబెట్టునది సంకల్పమే. ఇది పూర్వులు మనకిచ్చిన భయౌషధమని యాబది సంవత్సరములు దాటిన తరువాత నాకు తెలిసినది.

విజయవాడలో బండి కదలినప్పుడు మనస్సులోనే సంకల్పము చెప్పుకొన్నాను: కృష్ణా గోదావరుల మధ్యదేశము. ఇది నాకు పుట్టుకతో వచ్చిన చిరునామా. వరంగల్లు దాటిన పిమ్మట నిద్ర పట్టలేదు. గతమున భయము పట్టిన చోటు సమీపించుచున్నదని దేహమునకు తెలిసినది. గుండె వేగము పెరిగినది. బాబాయిగారిని లేపినాను. ఆయన ఏమియు మాట్లాడక ప్రక్కన కూర్చున్నారు. రేచకమును దీర్ఘముగా విడుచుచు కిటికీలోనికి చూచుచుంటిని. రామగుండము దాటిన తరువాత, మంచిర్యాలకు ముందు, చక్రముల ధ్వని మారినది. వంతెన. చీకటిలో తెల్లని ఇసుక, సన్నని జలరేఖ. గోదావరి! ఇంటి వద్ద పూజకు వాడు నీరు ఈ తల్లిదే. చేతులు జోడించినాను. వంతెన దాటగానే సంకల్పములో ఒక మాట మార్చవలసి వచ్చినది: ఇక కృష్ణా గోదావరుల మధ్యము కాదు, గోదావరికి ఉత్తరతీరము. నోటితో ఆ మాట మార్చినప్పుడు ఒక విచిత్రమైన శాంతి కలిగినది. నా చిరునామా మారినది; చెప్పుచున్నవాడు మారలేదు.

అటు తరువాత నదులే నా జపమాలికలో పూసలైనవి. తెల్లవారిన పిదప బల్హార్షాకు ముందు వార్ధానది. గతమున దిగిపోయిన ఆ స్టేషనులో బండి ఆగినప్పుడు నా భార్య నా ముఖమును చూచుచుండెను. నేను ఉద్ధరిణెడు నీటితో ప్రాతస్సంధ్య ముగించి అక్కడనే కూర్చున్నాను; లేవలేదు. నాగపూరు దాటి, సాత్పురా కొండలలో సొరంగములు వచ్చినప్పుడు మరల వణకు వచ్చినది. క్రమపాఠము చెప్పుకొన్నాను: చీకటి, చీకటి తరువాత వెలుగు. సాయంసంధ్యవేళకు, జబల్పూరునకు ముందు, నర్మద వచ్చినది. నర్మదకు ఉత్తరమున విక్రమశకమును, దక్షిణమున శాలివాహన శకమును చెప్పుట సంప్రదాయము. మనకు 1944, వారికి 2079. మనకు మాఘ బహుళ పక్షమైనది పూర్ణిమాంతముగా లెక్కించు ఉత్తరాదివారికి ఫాల్గున కృష్ణ పక్షము. సంవత్సరనామము కూడ వేరే. నది మారినది, శకము మారినది, మాసము పేరు మారినది. నిశ్చయమని నేను పట్టుకొన్న వాటిలో ఎన్ని కేవలము మన చోటిలోని లెక్కలు! ఆకాశమున చంద్రుడు మాత్రము ఒక్కడే.

మూడవనాటి వేకువన దీనదయాళ్ ఉపాధ్యాయ కూడలిలో దిగినాము. 2014లో నేను చేరలేకపోయినప్పుడు దాని పేరు మొగల్ సరాయి. అక్కడ నుండి రాజఘాటు వంతెన మీదుగా గంగను దాటునప్పుడు, ఎడమప్రక్క అర్ధచంద్రాకారముగా వంగిన కాశీ ఘట్టములు ఉదయకాంతిలో కనిపించినవి. కాశీలో మూడు రాత్రులు నిద్రించి గయకు చేరినాము.

గయలో ఫల్గునీనది అంతర్వాహిని. ఏడాదిలో ఎక్కువ కాలము పైన ఇసుక, లోపల నీరు. 2022లో కట్టిన రబ్బరు ఆనకట్ట వలన ఇప్పుడు విష్ణుపదము చెంత నీరు నిలుచుచున్నది. అహల్యాబాయి హోల్కరు 1787లో నిర్మింపజేసిన విష్ణుపదాలయములో, రాతిపై నిలిచిన ఆ పాదముద్ర ముందు, మా తండ్రిగారి గోత్రనామములు చెప్పి పిండము సమర్పించినాను. సంకల్పము నేనే చెప్పుకొన్నాను. పరుగుగా చెప్పలేదు. దేశమును, కాలమును ఒక్కొక్క మాటగా పలికినాను. తండ్రి పేరు వచ్చు చోట గొంతు నిలిచిపోయినది. గయాపురోహితుడు తెలుగులోనే, "తొందర లేదు అయ్యగారూ, నిదానంగా చెప్పండి" అన్నారు.

అక్షయవటము క్రింద ఇష్టమైన కాయను, పండును విడుచు ఆచారము మీకు తెలిసినదే. కాయలలో పనసను, పండ్లలో సీతాఫలమును విడిచినాను. పనసపొట్టు కూర మా ఇంట నాన్నగారికిని, నాకును ప్రాణము. "మనసులో కూడ ఒకటి వదలండి" అని పురోహితుడు అన్నప్పుడు, భయమును విడుతునని సంకల్పింపబోయినాను. అంతలో సందేహము కలిగినది. ఇక్కడ విడువవలసినది ఇష్టమైనది కదా! భయము నాకు ఇష్టమైనది కాదే. ఆ భయము దేనిని కాపాడుటకు వచ్చుచున్నది? రేపు ఏమి జరుగునో నాకు ముందే తెలియవలెను, అంతయు నా చేతిమీదుగా నడవవలెను, నేను లేనిదే ఆలయము తలుపు తెరువరాదు అను పట్టుదలను. నాకు మిక్కిలి ప్రియమైనది అదియే. దానినే ఆ చెట్టు క్రింద విడిచినాను. పనసను విడుచుట దీనికంటె సులభము. ఎందుకనగా పనస మరల తనంతట తాను వచ్చి విస్తరిలో కూర్చుండదు. ఈ పట్టుదల ప్రతి ఉదయము వచ్చి కూర్చుండును. ప్రతి ఉదయము మరల విడువవలసినదే.

తిరుగుప్రయాణములో భయము రాలేదని చెప్పినచో అది మరియొక అసత్యమగును. ఇటార్సీ దాటిన తరువాత వచ్చినది. అర్ధఘటిక ఉండి పోయినది. అది వచ్చుట, ఉండుట, పోవుట మూడును చూచినాను. అంతకుముందు ఎన్నడును దాని పోకను చూచుట వరకు నేను కూర్చుండలేదు.

ఇల్లు చేరినప్పుడు అమ్మగారు వీధి అరుగుమీదనే కూర్చుండియున్నారు. "పెట్టావా నాయనా?" అన్నారు. "పెట్టానమ్మా" అన్నాను. నా రెండు చేతులను తన కన్నులకు అద్దుకొన్నారు. ఇంకేమియు అడుగలేదు. లోపల ఆలయమున మా అబ్బాయి సాయంకాలార్చన చేయుచున్నాడు. నేను లేని పది దినములు స్వామికి ఏ లోపమును జరుగలేదు.

కాశీ సమారాధననాడు, పంక్తి కూర్చుండక ముందు, 2014 నాటి సత్యమును అందరి ఎదుట చెప్పినాను. స్వామిని విడువలేక కాదు, భయపడి తిరిగి వచ్చితినని చెప్పినాను. కొంతసేపు ఎవ్వరును మాట్లాడలేదు. నా మీద గౌరవము పోవునని అనుకొన్నాను. ఆ సాయంకాలమే ముగ్గురు వేరువేరుగా ఆలయమునకు వచ్చినారు. ఒకరికి విమానమనిన భయము. విదేశములోని కుమార్తె పురుడునకు పోవలెను. ఒకరికి వంతెనలు. ఒకరికి ఇల్లు విడిచి ఒక్క రాత్రి ఉండుటయే భయము. ముగ్గురును తమ ఒక్కరికే ఇది కలదని తలచుచున్నవారే.

వారికి చెప్పినదియే మీకును విన్నవించుచున్నాను. గుండెదడ, ఆయాసము కలిగినచో ముందు వైద్యుని చూడుడు. అది శ్రద్ధకు లోపము కాదు. మీ భయమును ప్రయాణసహచరులలో ఒక్కరికైనను చెప్పుడు. రేచకమును ఇంటివద్దనే అభ్యసింపుడు. భయము కలిగినప్పుడు సంకల్పము చెప్పుకొనుడు. మంత్రభాగము రానివారు తెలుగులోనే చెప్పుకొనవచ్చును: ఇది ఫలానా ఊరు, ఇది ఫలానా నది, ఇది ఫలానా తిథి, నేను ఫలానా పనికి పోవుచున్నాను. చెప్పుచున్నవాడు కదలుచున్నాడా, లేదా అని ఒక్క క్షణము లోపలికి చూడుడు.

ఇప్పుడు నేను యాత్రికులను ఆశీర్వదించు మాట మారినది. "నిర్భయంగా వెళ్ళిరండి" అనుట మానినాను. "భయమేస్తే వేయనివ్వండి, స్వామిని గట్టిగా కట్టుకుని వెళ్ళిరండి" అనుచున్నాను.

స్వస్తి.